వడపోతలో పోయే ఫిర్యాదు

స్త్రీల సంస్థలకు ఫిర్యాదులు ఇప్పుడు ఈ-మెయిల్‌లోనూ వస్తున్నాయి. వాటిలో కొన్ని మన కంటబడకముందే స్పామ్ అనే చెత్తబుట్టలో పడతాయి. అది కంప్యూటర్ చూసే కుర్రాడి పని అనుకుంటాం. నా దృష్టిలో అది మన పనే.

సర్వర్‌లోని వడపోత ఉత్తరం చదివి అర్థం చేసుకోదు, మార్కులు వేస్తుంది. చిరునామా కొత్తదా? లైంగిక పదాలున్నాయా? డబ్బు ప్రస్తావన ఉందా? స్పామ్‌అసాసిన్ అనే ప్రోగ్రాంలో మామూలుగా 5 మార్కులు చేరితే అది స్పామే. బాధితురాలి ఉత్తరం ఎలా ఉంటుంది? ఆ రోజే తెరిచిన అకౌంటు, అత్యాచారం అన్న మాట, కట్నం లక్షలు, ఫొటోలు. 1995లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ 'రొమ్ము' అన్న మాటను బూతుల జాబితాలో చేర్చింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలు నిలదీశాకే వెనక్కి తగ్గింది. (మన శరీరాల పేర్లు బూతులు కావడం కొత్తేమీ కాదు.)

మాట వినకముందే అది ఎవరిదో చూడటం మనకు తెలిసిన జబ్బే. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్లు పాడుచేయడాన్ని మున్నంగి సువార్తమ్మ ఎదిరించింది. ఆమె మాటలోని న్యాయాన్ని ఎవరూ తూచలేదు, దళిత స్త్రీ నోరెత్తడమే నేరమైంది. జులై 17న ఆరుగురు దళితులను చంపారు. యంత్రాన్ని ఆ హంతకులతో పోల్చడం లేదు, దానికి కక్ష లేదు. కానీ పలుకుబడి ఉన్న చిరునామాకు ఒక న్యాయం, లేనిదానికి ఇంకొకటి అన్న లెక్క దానికీ నేర్పారు.

వడపోత అసలే వద్దంటే లాటరీ ఉత్తరాల్లో మునిగిపోతాం. ప్రశ్న ఏమిటంటే, ఏ తప్పును భరించగలం? పది చెత్త ఉత్తరాలు వస్తే విసుగు. ఒక్క ఫిర్యాదు పోతే? 2002లో పాల్ గ్రాహం తన వడపోతలో మంచి ఉత్తరాల్లోని మాటలకు రెట్టింపు విలువ ఇచ్చింది ఈ తేడా తెలిసే. జీమెయిల్‌లో స్పామ్ 30 రోజుల్లో చెరిగిపోతుంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కమిటీ ఒప్పుకుంటే మరో మూడు. 'పంపాను, జవాబు లేదు' అనుకుని ఆమె ఎదురుచూసే రోజులు ఆ గడువులోంచే పోతాయి.

అందుకే సర్వర్ చూసేవారిని అడగండి. ఫిర్యాదుల చిరునామాకు ఆ మార్కుల హద్దు పెంచమనండి. అనుమానం వచ్చినవాటిని చెరిపేయకుండా విడిగా ఉంచమనండి. తిప్పికొట్టాల్సి వస్తే గుమ్మంలోనే తిప్పికొట్టాలి, అప్పుడు పంపినామెకు కనీసం ఆ కబురైనా అందుతుంది. స్పామ్ అరను రోజూ తెరిచి చూసే బాధ్యత పేరుపెట్టి ఒకరికి అప్పగించండి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఫోన్ చేయమని కరపత్రంలో నంబరు వేయండి.