‘ఇంగా పిల్లోడే’ అని ఎన్నాళ్లు ఆపుతారు?

మదనపల్లె మార్కెట్‌కు టమాటా తెచ్చే రైతును అడగండి, కాయ ఎప్పుడు కోయాలో చెప్తాడు. దూరం పోయే లారీకైతే దోరగా ఉన్నప్పుడే కోస్తాడు. పక్కూరి సంతకైతే ఎర్రగా పండినంక కోస్తాడు. కాయను ఒక్కదాన్నే చూడడు, అది పోయే దావ కూడా చూస్తాడు. క్రికెట్లో కుర్ర బ్యాటర్‌ను పై జట్టుకు తీసుకునేదానికీ ఇదే లెక్క. మనోళ్లు మటుకు వయసు ఒక్కటే మాట్లాడతారు. ఒకడు ‘ఇంగా పిల్లోడే’ అంటాడు. ఇంకొకడు ‘పద్నాలుగేండ్లకే సెంచరీ కొట్టినోడు లేడా’ అంటాడు.

ఉన్నాడు. బీహార్ పిల్లోడు వైభవ్ సూర్యవంశీ 2025 ఏప్రిల్ 28న ఐపీఎల్లో గుజరాత్ మీద 35 బంతుల్లో వంద కొట్టినాడు. అట్లే పృథ్వీ షా కూడా ఉన్నాడు. 2018లో, 18 ఏండ్లకే, తొలి టెస్టులో 134 కొట్టినోణ్ని 2024 నవంబర్ వేలంలో ఒక్క జట్టూ కొనలేదు. వయసు చూసి ఏదీ తేల్చలేమని ఈ ఇద్దరే సాక్ష్యం.

మన తెలుగు నేల మీద పెద్ద పాఠం అంబటి రాయుడిది. 2002-03 రంజీలో హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, మళ్లీ 159 నాటౌట్. అప్పటికి పదిహేడేండ్లు. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో ఇండియా కెప్టెన్. ఇంతకన్నా ఏం చూపించాల? అయినా ఇండియా జట్టులో ఆడింది 2013 జూలైలో, 27 ఏండ్లకు. నడుమ గొడవలు, జట్లు మారడం, బోర్డు ఒప్పుకోని ఐసీఎల్‌కు పోవడం, 2009లో బోర్డు క్షమించడం. తప్పెవరిదో తేల్చడం ఇక్కడ పని కాదు. ఆడిన తొలి వన్డేలోనే 63 నాటౌట్, మొత్తం వన్డేల్లో సగటు 47. టెస్టు ఒక్కటీ ఆడలేదు. పోయిన పదేండ్లను ఎవరు తెచ్చిస్తారు?

దీనికి ఎదురుగా విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని పెట్టి చూడండి. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. 2020లో రంజీ, 2023లో ఐపీఎల్, 2024 నవంబర్లో పెర్త్ టెస్టు. ఆ డిసెంబర్లో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్లో దిగి 114. 441 కొట్టినాడని మర్నాడే నెత్తికెత్తుకోలేదు, పిల్లోడని కిందనే కుళ్లబెట్టలేదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఆడేదానికి టైమ్ ఇచ్చినారు. ఆ టైమ్‌కు ఖరీదు మటుకు ఇంటోళ్లు కట్టినారు. కొడుకు ఆట కోసం తండ్రి హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగమే వదిలేసినాడు.

ఆపడం ప్రతిసారీ పిల్లోడి మేలుకే అనుకోవద్దు. అమెరికా బేస్‌బాల్ సంగతి వినండి. 2015లో చికాగో కబ్స్ క్లబ్బు క్రిస్ బ్రయంట్ అనే కుర్ర బ్యాటర్‌ను సీజన్ మొదట్లో సుమారు రెండు వారాలు కింది జట్టులోనే ఉంచింది. ఫీల్డింగ్ బాగుపడాలని చెప్పింది. ఆడ ఏడాది సర్వీసంటే 172 రోజులు. అతనికి పడింది 171. ఆ ఒక్క రోజు తక్కువతో ఇంకో ఏడాది క్లబ్బు చేతిలోనే ఉన్నాడు. ఆ ఏడు ఉత్తమ కొత్త ఆటగాడు అతనే! ఫిర్యాదు చేస్తే 2020లో తీర్పు క్లబ్బుకే వచ్చింది.

అందుకే సెలెక్టర్లను వయసు కాదు, మూడు మాటలు అడగాల. ఒకటి: కింది మెట్టులో బౌలర్లు ఈ పిల్లోణ్ని ఇంగా కష్టపెట్టగలరా? పెట్టలేకుంటే ఆడ ఉంచడం దండగ. రెండు: పైన వాడికి ఆడే చోటు ఉండాదా? నీళ్లు మోసేదానికి తీసుకపోతే కింద ఆడే మ్యాచ్‌లూ పోతాయి. 2024 నవంబర్లో సెంచూరియన్‌లో తిలక్ వర్మ మూడో నంబర్ అడిగినాడు, ఇచ్చినారు, 107 నాటౌట్ కొట్టినాడు. మూడు: రెండు మ్యాచ్‌లు తప్పితే, అవమానం లేకుండా మళ్లీ కిందికొచ్చి ఆడే దావ ఉండాదా?

ఈ మూడూ మనకే ఎక్కువ అవసరం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లోడికి అండర్-16, అండర్-19, అండర్-23 అని వయసుకొక తలుపు. ఒక్క ఏడాది ఊరికే ఆపితే ఒక తలుపు మూసినట్టే. టౌన్‌లో డబ్బున్నోడి కొడుకు ఇంకో అకాడమీ చూసుకుంటాడు. మనోడు బ్యాటు మూలన పెట్టి బెంగళూరు బస్సెక్కుతాడు. ఆడపిల్లయితే అంతకు ముందే పెళ్లి మాట వస్తుంది.

కాబట్టి జిల్లా, జోన్, రాష్ట్రం, ఏ మెట్టులో ఆపినా కారణం కాగితం మీద రాసియ్యాల. ‘చూద్దాంలే’ కారణం కాదు. పైకి తీసుకుంటే వరసగా ఐదు మ్యాచ్‌లన్నా ఆడనియ్యాల. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ ఒక పని చేయండి. ప్రతి మ్యాచ్ స్కోరు, ఎదురుగా ఎవరు బౌలింగ్ చేసినారో, ఏ గ్రౌండో నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. పుట్టిన తేదీ కాగితం సరిగ్గా ఉంచుకోండి, వయసు దాచొద్దు. రేపు ‘ఇంగా పిల్లోడే’ అన్నోళ్ల ముందర ఆ పుస్తకం పెట్టి, ‘ఎన్నాళ్లు, ఏమిటికి?’ అని గట్టిగా అడగండి.