జ్వరం తగ్గింది... నిద్ర రాదేం?

"జ్వరం తగ్గి నాలుగు నెలలయిందండీ. అయినా పొద్దున్న లేస్తే ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంటుంది. పగలంతా తూగు, రాత్రయితే కన్ను మూతపడదు" అనే గృహిణులు చాలామందే ఉన్నారు. ఇంట్లోవాళ్ళేమో "జ్వరం తగ్గిందిగా, ఇంకేమిటి?" అంటారు.

ఇది బద్ధకం కాదు. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా వచ్చినప్పుడు చూశాం కదా, జ్వరం వారంలో పోయినా కీళ్ళనొప్పులు కొందరిని నెలల తరబడి వదల్లేదు. కోవిడ్ తర్వాతి బాధలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచనమే ఇచ్చింది. జబ్బు మొదలైన 3 నెలలకి కూడా నీరసం, ఆయాసం, మతిమరుపులాంటివి ఉండి, కనీసం 2 నెలలపాటు సాగి, వాటికి వేరే కారణం దొరక్కపోతే దాన్ని కోవిడ్ అనంతర స్థితిగా లెక్కవేస్తారు.

మనం ఎక్కువగా దెబ్బతినేది కాస్త ఓపిక వచ్చిన రోజునే! దుప్పట్లు నానబెట్టి, పిండి రుబ్బి, అటకమీది డబ్బాలన్నీ దించి తుడిచేస్తాం. మర్నాడో, ఆ మర్నాడో మళ్ళీ మంచం. జీతమంతా ఒకటో తారీఖునే ఖర్చుపెడితే నెలాఖరుకి ఏం మిగులుతుంది? ఓపికా అంతే. దుప్పట్లు ఇవాళ, పిండి ఎల్లుండి. కూరలు కూర్చుని తరుక్కోండి. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే నడుం వాల్చండి. రోజూ నడిస్తే అదే పోతుందని ఎవరైనా తొందరపెట్టినా, నడిచిన మర్నాడు నీరసం ఎక్కువవుతుంటే ఆ నడక తగ్గించాల్సిందే.

ఇక నిద్ర సంగతి. రాత్రి ఎప్పుడు పట్టినా పొద్దున్న ఒకే వేళకి లేవండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి, అదీ మూడింటిలోపే. సాయంత్రం కాఫీ మానడం కష్టమే, కానీ మానాలి. పక్కమీద దొర్లుతూ గడియారం చూసుకోవడం కన్నా లేచి కాసేపు కూర్చోవడం నయం. పక్కింటావిడకి పనిచేసిందని నిద్రమాత్ర మాత్రం తెచ్చుకోకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "నీరసం" అని ఒక్కమాటతో సరిపెట్టకుండా ఏ పని చేశాక, ఎన్నాళ్ళు ఉంటోందో చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ ఉన్నా ఇలాగే ఉంటుంది గనక ఆ పరీక్షలు చేయించాలేమో అడగండి. ఆడవాళ్ళకి రక్తం తక్కువుండటం మామూలేలే అని ఊరుకోవద్దు. జ్వరం తిరగబెట్టినా, బరువు తగ్గిపోతున్నా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి. గుండెల్లో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.