కట్టప్పకు ఆజాదీ ఎందుకు లేదు?

రెండేళ్ల పాటు మనం ఒకటే సవాల్ అడిగాం. 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చింది. ఆ మధ్యకాలమంతా చాయ్ హోటల్ బెంచీ నుంచి టీవీ స్టూడియో దాకా ఒకే మాట: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబ్ దొరికింది, టికెట్లు తెగాయి, ఖేల్ ఖతం. దానికన్నా ముందు అడగాల్సిన సవాల్ మాత్రం అట్లాగే పడి ఉంది. కట్టప్ప అసలు గులాంగా ఎందుకున్నాడు? అంత కత్తి, అంత అఖల్, అంత దిల్ ఉన్న మనిషి గులాంగా పుట్టి, గులాంగానే ముసలివాడై, చివరికి గులాంగానే ఎందుకు మిగిలాడు?

రాజమౌళి హునర్ మీద నాకు షక్ లేదు. సత్యరాజ్ ఆ పాత్రకు ప్రాణం పోశాడు, అందులోనూ బహస్ లేదు. నా తక్రార్ వేరే. ఆ పాత్రను చూసి మనం దేనికి చప్పట్లు కొట్టామన్నదే నా తక్రార్.

మొదటి భాగంలో ఒక సీన్ గుర్తు చేసుకోండి. అస్లాం ఖాన్ అనే ఆయుధాల సౌదాగర్ మాహిష్మతికి వస్తాడు. సుదీప్ వేసిన వేషం అది. కట్టప్ప కత్తి పనితనం చూసి ఫిదా అయిపోతాడు. ఇంతటి యోధుడు బానిసా అని హైరాన్ అవుతాడు. ఎంతైనా సరే, ధర కట్టి నిన్ను విడిపిస్తానంటాడు. కట్టప్ప వద్దంటాడు. మా పెద్దలు ఈ సింహాసనానికి మాటిచ్చారు, ఆ మాట దాటనన్నది అతని జవాబ్ సారాంశం. థియేటర్లో ఈలలు పడ్డది ఆ 'వద్దు' మీదనే. ఆ మొత్తం కథలో కట్టప్పకు ఆజాదీ ఇప్పిస్తానన్న మనిషి ఎవరు? బయటి నుంచి వచ్చిన ఆ సౌదాగర్ ఒక్కడే. దేవతలా కొలిచే శివగామి అనలేదు. జనం గుండెల్లో దేవుడైన అమరేంద్రుడూ అనలేదు. రెండో భాగం చివర మహేంద్రుడు తఖ్త్ ఎక్కుతాడు, భల్లాలుడి బంగారు విగ్రహం తల తెగి నీళ్లలో కొట్టుకుపోతుంది. కట్టప్ప గులామీని రద్దు చేసే సీన్ మాత్రం రాదు. రాలేదని మనకు వెలితిగా కూడా అనిపించలేదు. నా భయం ఆ అనిపించకపోవడం గురించే.

సినిమా తర్వాత నవల సంగతి. రెండో భాగం విడుదలకు ముందే, అదే 2017లో, ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో 'ది రైజ్ ఆఫ్ శివగామి' రాశాడు. సినిమా కథకు ముందు జరిగిన కథ అది. మూడు నవలల వరుసలో మొదటిది. అందులో కట్టప్ప జవాన్. తండ్రి మలయప్ప రాజు సోమదేవుడికి గులాం. కొడుకు కట్టప్ప రాజకుమారుడు బిజ్జలదేవుడికి గులాం. ఆస్తి పంచినట్టు గులామీని కూడా తండ్రి నుంచి కొడుక్కు పంచారన్న మాట. అయితే నీలకంఠన్ ఒక ఇన్సాఫ్ చేశాడు. కట్టప్పకు శివప్ప అనే తమ్ముణ్ని ఇచ్చాడు. ఈ శివప్పకు సంకెల సంకెలలాగే కనిపిస్తుంది. ఆజాదీ కావాలంటాడు. అన్న ధర్మం అన్నదాన్ని తమ్ముడు జుల్మ్ అంటాడు. సినిమా నోరు విప్పని చోట నవల విప్పింది, దానికి షుక్రియా. కానీ ముందుకథ రాసేవాడికి ఒక బేడీ ఉంటుంది. సినిమాలో కట్టప్ప గులాంగా కనిపించాడు కాబట్టి, నవలలో అతను ఎంత నలిగినా, ఎంత ఆలోచించినా, ఆఖరుకు గులాంగానే బయటికి రావాలి. మొదటి పేజీ రాయకముందే ఫైసలా అయిపోయింది. తమ్ముడికి సవాల్ దక్కింది, పేరూ ఇజ్జత్ మాత్రం అన్నకే దక్కాయి.

ఇది వినగానే కొందరు దోస్తులు నవ్వుతారు. "అరే భాయ్, అది ఫాంటసీ, కల్పన, దాంట్లో కూడా హక్కులు వెతుకుతావా?" సరే, కల్పనే అనుకుందాం. ఆ కల్పనలో ఆకాశానికి తగిలే జలపాతం ఉంది. పడవ మబ్బుల్లోకి ఎగురుతుంది. కాలకేయుల కోసం కిలికి అని ఒక కొత్త జబాన్ పుట్టించారు, దానికి మాటలు కట్టారు, వ్యాకరణం కట్టారు. ఇంత కల్పించినవాళ్లకు ఒక గులాం "నేనిక ఎవరి గులాంనూ కాను" అనే ఒక్క వాక్యం కల్పించడం ఎందుకు చేతకాలేదు? చేతకాక కాదు. ఆ వాక్యం మనకు అవసరమనిపించలేదు. వఫాదార్ గులాం మనకు ఎంత అలవాటైన బొమ్మ అంటే, అది కల్పన అని కూడా గుర్తురానంత అలవాటు.

మర్రిగూడలో కూర్చుని చూస్తే ఆ బొమ్మ ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. మొదటి భాగంలో శివుడి మొహం చూసి, బాహుబలి కొడుకని గుర్తుపట్టి, కట్టప్ప అతని పాదాన్ని తీసి తన నెత్తిన పెట్టుకుంటాడు. ఆ బొమ్మ పోస్టరై ఊరూరా వెలిసింది. దేశమంతా దాన్ని భక్తి అనుకుంది. నల్లగొండ జిల్లాలో దానికి వేరే పేరుంది. "నీ బాంచన్, కాల్మొక్త." ఈ జమీన్ మీద ఆ మాట అనని తరం మొన్నమొన్నటిదే. బాంచ అంటే బానిస. దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలోకి తీసుకున్నారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వంతు వెట్టి వాళ్లది. కూలి లేదు, కాదనడం లేదు. దొరబిడ్డ అత్తగారింటికి పోతే ఆమె వెంట ఆడబాపను కూడా పంపారు, సామాన్లతో పాటు. వెట్టి తర్వాత జీతం వచ్చింది. ఉగాది నుంచి ఉగాదికి జీతగాడు. తండ్రి అప్పు తీరకపోతే కొడుకు కూర్చున్నాడు ఆ జీతంలో. మలయప్ప, కట్టప్పల కిస్సా మాకు నవల చదివితే తెలిసింది కాదు.

పైన నిజాం తఖ్త్, కింద దేశ్‌ముఖ్ గడి. తఖ్త్ మీద మన మజ్హబ్ వాడు కూర్చున్నాడు కాబట్టి ఆ జుల్మ్‌ను నేను తక్కువ చేసి చెప్పను. 1936లో భగేలా ఒప్పందాల మీద ఆ సర్కార్ కానూన్ తెచ్చింది నిజమే. కాగితం మీది కానూన్ గడి దర్వాజా దాటి లోపలికి పోలేదన్నది కూడా అంతే నిజం.

ఇంకో జవాబ్ వస్తుంది. "బాహుబలి మంచి మాలిక్ కదా, కట్టప్పను మామా అని పిలిచాడు కదా!" పిలిచాడు. ప్రేమగానే పిలిచాడు. కానీ ఆ పిలుపు విలువెంత? శివగామి హుకుం ఇచ్చిన రోజు ఆ మామ ఏం చేశాడు? కొడుకులా చూసుకున్నవాణ్ని వెనక నుంచి పొడిచాడు. తన దిల్ వద్దంది. తన జమీర్ వద్దంది. అయినా పొడిచాడు, ఎందుకంటే గులాం దిల్ మీద గులాంకు హక్కు లేదు. కథ తనంతట తానే చెప్పిన హకీకత్ ఇది. మాలిక్ మంచివాడైతే గులామీ మంచిదైపోదు. గులాం ఎంత నేక్ మనిషైనా, ఎవరి చేతిలో హుకుం ఉంటే వాళ్ల ఖంజర్ అవుతాడు.

దీని మీద తమాషా చూడండి. ఇవాళ సియాసత్‌లో ఎవడైనా వెన్నుపోటు పొడిస్తే "కట్టప్ప" అంటున్నారు. హుకుం ఇచ్చిన రాణి తల్లిగా, దేవతగా మిగిలింది. హుకుం పాటించిన గులాం పేరు తిట్టైంది. తప్పు జరిగితే జీతగాడిది, పుణ్యం జరిగితే దొరది. గడి లెక్క ఎప్పుడూ ఇదే.

మరి వఫా గొప్ప గుణం కాదా అంటారు. జరూర్ గొప్పదే. దోస్త్‌కు దోస్త్ వఫాదార్. మియాబీబీలు ఒకరికొకరు వఫాదార్. కానీ విడిచిపోయే దారి ఉండి కూడా ఉండిపోతేనే అది వఫా. దారి మూసేసి, తాత చేసిన కసమ్‌ను మనవడి మెడకు కట్టి, వాడు కదలకపోతే వఫాదారీ అని పొగడటం ధోకా. కట్టప్ప ఆ కసమ్ చేయలేదు. అతన్ని ఎవరూ అడగలేదు. పుట్టకముందే అతని తరఫున ఎవరో ఖుబూల్ చెప్పేశారు.

"మీ తారీఖులో గులాంలు లేరా?" అని కూడా అడుగుతారని తెలుసు. ఉన్నారు. బజార్లు నిండా ఉన్నారు. గజ్నీ మహమూద్, అతని గులాం అయాజ్ ముచ్చటను మన షాయిర్లు తరాల కొద్దీ మురిపెంగా చెప్పుకున్నారు. ఇక్బాల్ 'షిక్వా'లో కూడా ఆ ఇద్దరూ నమాజ్ వేళ పక్కపక్కనే కనిపిస్తారు. బాగుంది. నమాజ్ అయ్యాక ఎవరు తఖ్త్ ఎక్కారు, ఎవరు చేతులు కట్టుకుని నిలబడ్డారు అని నేను ఆ షాయిరీని కూడా అడుగుతాను. నాకు బిలాల్ కిస్సా ఎక్కువ నచ్చేది అందుకే. హజ్రత్ బిలాల్‌ను మనం యాద్ చేసుకునేది మాలిక్ ఉమయ్యాకు ఎంత బాగా సేవ చేశాడని కాదు. మండే ఇసుకలో పడుకోబెట్టి గుండెల మీద రాయి పెట్టినా మాలిక్ మాట కాదన్నాడని. ఆ తర్వాత ఆజాద్ అయ్యాడని.

దక్కన్‌లోనే చూడండి. మలిక్ అంబర్ హబ్షీ. ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ అమ్ముడుపోయి, మన దక్కన్ చేరాడు. మాలిక్ చనిపోయాక ఆజాద్ అయ్యాడు. ఆజాదీ వద్దు, పాత మాట ఉందనలేదు. సొంత ఫౌజ్ కట్టాడు. అహ్మద్‌నగర్ సల్తనత్‌ను తన చేతుల మీద నడిపాడు. 1626లో కన్ను మూసేదాకా జహంగీర్ ఫౌజులకు నిద్ర లేకుండా చేశాడు. ఆయన ఫౌజ్‌లోనూ గులాం సిపాహీలు ఉండేవాళ్లు, ఆ మచ్చను దాచను. కానీ నిజమైన దక్కన్ కత్తివీరుడు దారి దొరికినప్పుడు బయటికి నడిచాడు. కల్పించిన కత్తివీరుడే దర్వాజా తెరిచి చూపించినా లోపలే కూర్చున్నాడు.

ఇక మన జిల్లా దాస్తాన్‌కు వద్దాం. అప్పటి నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా, కామారెడ్డిగూడెం. షేక్ బందగీ అనే గరీబ్ రైతు. బందగీ అంటే మన జబాన్‌లో ఏమిటి? సేవ, దాస్యం, ఖుదా ముందు తల వంచడం. ఆ పేరున్న మనిషి విస్నూరు దేశ్‌ముఖ్ ముందు తల వంచలేదు. జమీన్ తగాదా. రక్తం పంచుకున్నవాడే దేశ్‌ముఖ్ పక్షాన నిలబడ్డాడు. బందగీ అదాలత్‌కు పోయాడు. ఏళ్ల తరబడి తిరిగాడు. గెలిచాడు. గెలిచినందుకు దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి చంపారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య కూలిపోవడానికి కొన్నేళ్ల ముందు మాట అది. బందగీ చావు ఆ తర్వాత 'మా భూమి' నాటకంలోకి వచ్చింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ఆ నాటకాన్ని వేలమంది చూశారు.

నవలే కావాలంటారా, నవల కూడా ఉంది. అదీ ఉర్దూలో. కిషన్ చందర్ తెలంగాణ మీద 'జబ్ ఖేత్ జాగే' రాశాడు. హీరో రాఘవరావు వెట్టివాడి కొడుకు. తెల్లారితే ఉరి. ఆ రాత్రి జైల్లో తన జిందగీని తిరిగి చూసుకుంటాడు. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాకు మూలం ఈ నవలే. ఇక్కడ కూడా ఒక గులాం ఉన్నాడు, ఒక దొర ఉన్నాడు. తేడా ఒకటే. తండ్రి వంచిన తలను కొడుకు ఎత్తాడు. కట్టప్ప తండ్రి కసమ్‌ను మోశాడు, రాఘవరావు తండ్రి కసమ్‌ను తెంచాడు. మన పిల్లల్లో ఎంతమందికి కట్టప్ప తెలుసో, ఎంతమందికి రాఘవరావు తెలుసో మీరే లెక్క వేసుకోండి.

చివరగా ఒక కానూన్ మాట. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం రెండో సెక్షన్ చదవండి. ఆచారం వల్ల గానీ, వారసత్వంగా వచ్చిన బాధ్యత వల్ల గానీ, ఫలానా కులంలో పుట్టాడన్న కారణం వల్ల గానీ ఒకడు తన ఇష్టం వచ్చిన చోట పని చేసే హక్కు పోగొట్టుకుని చాకిరీ చేస్తే అది వెట్టి. భగేలా, జీతం, పాలేరు, వెట్టి, మన ఊళ్లలో పలికే మాటలన్నీ ఆ సెక్షన్‌లో పేరుపేరునా ఉన్నాయి. అట్లాంటి ఆచారం, అట్లాంటి ఒప్పందం ఏదీ చెల్లదని ఆ చట్టమే చెబుతుంది. చేయించుకున్నవాడికి మూడేళ్ల దాకా ఖైదు, రెండు వేల దాకా జుర్మానా. కట్టప్ప కసమ్‌ను ఈ సెక్షన్ పక్కన పెట్టి చూడండి. తెర మీద మనం చేతులెత్తి మొక్కిన ధర్మం, కానూన్ కితాబ్‌లో నేరంగా రాసి ఉంది.

సినిమాను బ్యాన్ చేయమని నేననను. నవలను చించమనీ అనను. ఇంకో కట్టప్పను రాసేవాళ్లకు మాత్రం నా డిమాండ్ ఒకటుంది. ఈసారి సౌదాగర్ ఆజాదీ మాట ఎత్తినప్పుడు, వాడు ఒక్క రాత్రైనా నిద్రపోకుండా ఆలోచించేలా రాయండి. తమ్ముడు శివప్పకు కూడా ఒక పోస్టర్ వేయండి. ఇక అమ్మానాన్నలు, ఉస్తాద్‌లు, మీకు ఒక గుజారిష్. పిల్లలు కట్టప్పలా మోకాళ్ల మీద కూర్చుని ఆడుకుంటుంటే తిట్టకండి. పక్కన కూర్చుని, కామారెడ్డిగూడెంలో బందగీ సమాధి ఉందని, ఆయన ఎవరి ముందు లేచి నిలబడ్డాడో చెప్పండి. ఒక సెలవు రోజు తీసుకుపోయి చూపించండి.