ఎగువ నీరు ఎక్కడిది?

ఈ వానాకాలం ఓ పూట భద్రాచలంలో పాపికొండల బోటు టికెట్లు అమ్మే చిన్న ఆఫీసులో కూర్చున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. "బోట్లు తిరుగుతున్నాయా అన్నా?" అని అడగడం, "లేదమ్మా, వరదొచ్చింది" అని పెట్టేయడం. బల్లమీది నోట్‌బుక్‌లో మాత్రం డబ్బు కట్టినవాళ్ల పేర్లే ఉన్నాయి; ఫోన్ చేసినవాళ్లు ఎవరో, తమ సంగతి వాళ్లకెలా తెలిసిందో ఎక్కడా లేదు. వెబ్‌సైట్ పెట్టించి, నెలకు ఎంతమంది చూశారో లెక్క చూసుకుంటే చాలదని నాకక్కడే గట్టిగా అనిపించింది. అంకె ఒక్కటే చాలదన్న సంగతి గోదావరి ఒడ్డువాళ్లకు కొత్తేమీ కాదు. ఇక్కడ నది మట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అయినా ఊరు ఆ అంకెతో ఆగదు. ఎగువన పేరూరులో ఎంతుంది, ఇంద్రావతి పొంగిందా, తాలిపేరు గేట్లు ఎత్తారా అని ఆరా తీస్తుంది. నీరు ఎటునుంచి వస్తోందో తెలిస్తేనే రేపటికి ఏం సర్దుకోవాలో తెలుస్తుంది. ఎంక్వయిరీ కూడా అంతే. ఫేస్‌బుక్‌లో పెట్టే లింకుకు, చూసినవాళ్లు ఎటునుంచి వచ్చారో చెప్పే ఒక యూటీఎం గుర్తు, వాట్సాప్‌లో పంపేదానికి మరొకటి తగిలించాలి. కాల్ బటన్ నొక్కిన ప్రతిసారీ గూగుల్ అనలిటిక్స్‌లో పడేలా చూడాలి. అయితే అది నొక్కారనే చెబుతుంది, ఏం మాట్లాడారో చెప్పదు. అందుకే ఫోనెత్తినవాళ్లు "మా సంగతి ఎవరు చెప్పారండీ? బోట్లు మొదలయ్యాక ఫోన్ చేయమంటారా?" అని అడిగి, పేరూ నంబరూ రాసుకోవాలి. వరదలో వద్దని పంపేసిన ఆ పేర్లే, కార్తీకంలో నది నెమ్మదించాక మనం మొట్టమొదట పిలవాల్సినవాళ్లు.