ఆరోపిత గణితం

ఒక వస్తువు అందరి చేతుల్లోనూ ఉంది, దాని పేరు అందరికీ తెలుసు. అయినా ఆ పేరుతో దాన్ని పిలవడానికి జంకారు. ఇది పొడుపుకథ కాదు మిత్రులారా, ఆర్‌సీ4 అనే గూఢలేఖన పద్ధతి చరిత్ర.

రాన్ రివెస్ట్ 1987లో ఆర్‌ఎస్‌ఏ సంస్థ కోసం దీన్ని రూపొందించాడు. 256 అంకెల పట్టికను తాళపుచెవి సాయంతో కలగాపులగం చేసి, అందులోంచి ఒక్కొక్క బైటే తీసి సందేశంతో కలపడం, అంతే! సంస్థ దీనికి పేటెంటు తీసుకోలేదు (తీసుకుంటే లోగుట్టు వెల్లడించాలి కదా). వ్యాపార రహస్యంగా దాచుకుంది. 1994 సెప్టెంబరులో ఎవరో అజ్ఞాతవ్యక్తి సైఫర్‌పంకుల మెయిలింగ్ లిస్టులో ఆ గుట్టు రట్టు చేశాడు. లైసెన్సు పొందినవారు పోల్చి చూస్తే రెండూ ఒకే ఫలితాన్నిచ్చాయి.

రహస్యం పోయింది, పేరు మిగిలింది. ఆర్‌సీ4 అన్నది సంస్థ వ్యాపారచిహ్నం కనుక, స్వతంత్రంగా ప్రోగ్రాము రాసుకున్నవారు ఏఆర్‌సీ4 అనీ, ఆర్క్‌ఫోర్ అనీ మారుపేర్లు వెతుక్కున్నారు. ముందున్న ఆ 'ఏ' ఏమిటనుకున్నారు? 'అలెజ్డ్', అనగా ఆరోపిత! న్యాయస్థానంలో నిందితుడికి తగిలించే విశేషణాన్ని గణితానికి తగిలించారు. 2006 నాటి ఎస్‌ఎస్‌హెచ్ ప్రమాణపత్రం సైతం, ఆర్క్‌ఫోర్ ఆర్‌సీ4తో పొసగుతుందని నమ్ముతున్నారన్న ధోరణిలోనే మాట్లాడింది. ప్రమాణపత్రంలో నమ్మకాలకు చోటేమిటి?

కొనుగోలుదారు మోసపోకుండా ఉండడానికే చిహ్నం, అంటారు. సబ్బుబిళ్ళ విషయంలో ఒప్పుకుంటాను. పైకాగితం తప్ప లోపలి సరుకు కనబడదు. కానీ గూఢలేఖన పద్ధతికి తాళపుచెవినిచ్చి ఫలితం చూస్తే అసలో నకిలీయో క్షణంలో తేలిపోతుంది. మరి ఈ చిహ్నం ఎవరిని కాపాడినట్లు?

కాపాడకపోగా హాని చేసింది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ దీని లోపాలను బయటపెట్టారు. వైర్‌లెస్ రక్షణగా వాడిన డబ్ల్యూఈపీ దాంతో కుప్పకూలింది. 2015లో టీఎల్‌ఎస్‌లో దీన్ని నిషేధించారు. ఆ సంగతి చదివి, ఎస్‌ఎస్‌హెచ్ అమరికల్లో ఆర్‌సీ4 కోసం వెదికిన నాటి నిర్వాహకుడికి ఏం దొరికేది? అక్కడ ఉండేది ఆర్క్‌ఫోర్. రోగానికి ఒక పేరు, మందుచీటీలో మరో పేరు!

డేమన్, రైమెన్ అనే ఇద్దరు బెల్జియం దేశస్థులు తమ పేర్లను కలిపి తమ పద్ధతికి రైన్‌డాల్ అని పేరు పెట్టి, దాన్ని బహిరంగంగా ప్రకటించారు. 2001లో అది ఏఈఎస్ పేరిట అమెరికా ప్రమాణమైంది. దాన్నెవరూ ఆరోపిత రైన్‌డాల్ అనవలసిన అగత్యం కలగలేదు. రివెస్ట్‌ను నేను తప్పుపట్టను. 2014లో షుల్ట్‌తో కలిసి స్ప్రిట్జ్‌ను ప్రతిపాదిస్తూ ఆయన ఆర్‌సీ4ను ఆ పేరుతోనే చర్చించాడు. తక్కినవారికే ఆ భాగ్యం లేకపోయింది.

ఓపెన్‌బీఎస్‌డీలో యాదృచ్ఛిక సంఖ్యలనిచ్చే ఆర్క్4ర్యాండమ్ అనే ప్రమేయం ఉంది. 2014లో వచ్చిన 5.5 కూర్పు నుంచి దాని లోపల ఆర్‌సీ4 లేదు, చాచా20 ఉంది. భయపడి పెట్టుకున్న ఆ మారుపేరు మాత్రం అలాగే ఉండిపోయింది.