ఏడాదికో పాత చీర

మన నెల్లూరు ఆడవాళ్ళకి యానాదులంటే జాలి లేదని ఎవరన్నారు? పండక్కో పాత చీర ఇస్తాం. వెండి గ్లాసు కనబడకపోతే మొదట వాళ్ళ పేరే ఎత్తుతాం, అది వేరే సంగతి! కొన్ని తెగలవాళ్ళు పుట్టుకతోనే దొంగలన్న తెల్లదొరల చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది. మన నోట్లోంచి మాత్రం పోలేదు.

వెన్నెలకంటి రాఘవయ్యగారు మన జిల్లావారే. జీవితమంతా వాళ్ళ తరపున నిలబడ్డారు. 1981లో ఆయన పోయారు. ఒక్క మహానుభావుడి మీద ఎన్నాళ్ళని ఆనుకుంటాం?

"చట్టముంది కదండీ" అంటారు. ఉంది, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాలు ఆపడానికి 1989లో వచ్చింది. 2021 నుంచి 14566 అని ఫోను నంబరూ ఉంది. కేసుకి తిరిగే బాధితులకీ సాక్షులకీ దారి ఖర్చూ భత్యమూ ఇవ్వాలని 1995 నిబంధనల్లో రాసే ఉంది. మైపాడు వైపు రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే మనిషికి ఆ మాట ఎవరు చెప్పాలి? స్టేషనులో రాసిన కాగితం చదివి వినిపించేదెవరు? వాయిదా వాయిదాకీ పక్కన కూర్చునేదెవరు?

అందుకే మా మహిళా మండలిలో అడిగాను, ఈసారి దుప్పట్లు మానేద్దాం, చదువుకున్న యానాది పిల్లనొకర్తెని ఆ పనికి పెట్టి నెలనెలా జీతమిద్దాం అని.

"సేవకి జీతమేమిటి వదినా?" అంది ఒకావిడ.

పిల్లలకి ట్యూషను చెప్పే పంతులమ్మకి ఇవ్వడం లేదూ? కేసు ఏళ్ళ తరబడి నడుస్తుంది. మన ఉత్సాహం ఫొటో తీసేదాకానే. ఇరవైమందిమి తలా రెండొందలు వేస్తే నెలకి నాలుగువేలు. చాలదు, నాకూ తెలుసు. మిగతాదానికి మగవాళ్ళ క్లబ్బుకి నేనే వెళతాను. ముందు మీ రెండొందలు తీయండి.