దండెము, ఎండ, మడి

మహాశివరాత్రి జాతరకు ఏడుపాయల చేరిన భక్తులు మంజీరలో మునిగి లేచి, తడిబట్టలతోనే శిలలపైకి ఎక్కుదురు. అచట చీర ఆరవేయుటకు తాడు వెదకుకొను తీరిక ఎవరికి? ఒక కొనను తల్లి, మరియొక కొనను కూతురు పట్టుకొని గాలికి అడ్డముగా నిలుతురు. చీర తెరచాపవలె ఉబ్బును, సడలును, మరల ఉబ్బును. పిల్లలు దాని క్రింద దూరి పరుగెత్తుదురు. కొంతసేపటికి తల్లి అంచును చెంపకు ఆనించి చూచి, ఇంకను చెమ్మగానున్నదని మరికొంతసేపు నిలుచును. అటుపిమ్మట ఆ పొడిచీర కట్టుకొని వనదుర్గా భవాని దర్శనమునకు వరుసలో చేరును. ఇందులో శాస్త్రచర్చ ఏమియు లేదు. నీటి పని నీరు చేసినది, గాలి పని గాలి చేసినది.

అచటికి ఎంతో దూరము కాని మెదక్ పట్టణములో ఇదే దృశ్యము డాబాలమీద నిత్యము కనబడును. ఖిల్లా గుట్ట ఎక్కి చూచినచో ఒకవంక 1924లో ప్రతిష్ఠింపబడిన చర్చి శిఖరము, ఆ వైపునకు ఈ వైపునకు నడుమ పరచుకొన్న ఇండ్లు, ఆ ఇండ్ల కప్పులపై చీరలు, పంచెలు, లుంగీలు, బడిపిల్లల దుస్తులు. ఏ ఇంటివారు ఏ దేవుని కొలుతురో ఆ దండెములను చూచి చెప్పుట కష్టము. 2016లో మెదక్ జిల్లాకేంద్రమైన పిదప పట్టణము పెరిగినది. అంతస్తుల భవనములు లేచుచున్నవి. డాబా అందరిదై, అందరిదగుటచే ఎవరిదియు కాక, తాళము పడుచున్నది. తాళము పడినచోట దండెము ఉండదు. దండెము లేనిచోటికి డ్రైయరు వచ్చును.

దానితోపాటు ఒక ప్రశ్నయు వచ్చును. అమెరికాలో స్థిరపడిన కుమారుడు తద్దినమునకు ముందు తల్లికి ఫోను చేసి అడుగు ప్రశ్న అది: డ్రైయరులో ఆరిన పంచె మడికి పనికివచ్చునా?

సూటిగా చెప్పవలెనన్న, పనికివచ్చును. శుభ్రమైన నీట జాడించి, విడిగా ఆరబెట్టి, ఇతరవస్త్రములతో కలుపక తీసినచో దోషమేమియు లేదు. పూర్వికులు యంత్రమును ఎరుగరు గనుక దానిని నిషేధించియు ఉండరు. నిషేధము లేనిచోట నిషేధమును కల్పించుట పాండిత్యము కాదు. ఆరవేయు వసతి ఏమాత్రము లేనివారికి పట్టుబట్ట ఉండనే ఉన్నది. నూలువలె ప్రతిదినము తడుపనక్కరలేదని పెద్దలు దానికి మినహాయింపు ఇచ్చిరి. గడ్డకట్టు చలిలోనున్న కుమారుడు ఈ విషయమై కలవరపడవలసిన పని లేదు.

అయినను ప్రశ్న అంతటితో ముగియదు. పనికివచ్చుట వేరు, మేలగుట వేరు.

వైదికకుటుంబములలో తెల్లవారుజామున పంచెను తడిపి, పిండి, కర్రతో ఎత్తి ఎత్తైన దండెముపై పరచెడివారు. తడిబట్టతో జపహోమములు కూడవు. మరి పొడిబట్ట లేనిచో? ముసురుపట్టిన ఆషాఢములో ఈ చిక్కు ప్రతి అర్చకునికి ఎదురగునదే. దానికి సంప్రదాయము చూపిన దారి మిక్కిలి చక్కనిది: తడివస్త్రమును గాలిలో ఏడుమార్లు విదిలించినచో దానిని పొడివస్త్రముతో సమానముగా గ్రహింపవచ్చును. ఏడుమార్లు విదిలించినంత మాత్రమున నీరు పోదని ఆ పెద్దలకు తెలియదా? తెలియును. అయినను వాయువు ఆ వస్త్రమును తాకినది. అది చాలునని వారి భావము. ఆరుటయనగా కేవలము నీరు తొలగుట కాదు, గాలితో సంపర్కము కూడ అని ఆ నియమము చెప్పకయే చెప్పుచున్నది.

మనుస్మృతి పంచమాధ్యాయములో దేహధారులకు శుద్ధి కలిగించునవి పన్నెండు చెప్పబడినవి. జ్ఞానము, తపస్సు, అగ్ని, ఆహారము, మట్టి, మనస్సు, నీరు మున్నగువానితోపాటు వాయువు, సూర్యుడు, కాలము కూడ ఆ వరుసలోనే ఉన్నవి. వాయువును సూర్యుని అందరును ఊహింపగలరు. కాలమును చేర్చుటయే ఆశ్చర్యము. కొన్ని శుద్ధులు వేచియున్ననే కలుగును. పురుడు, మైల ఇన్ని దినములని లెక్కించుట అందులకే. దండెముపైనున్న బట్టకు ఈ మూడును ఒక్కసారిగా లభించును. డ్రైయరు వేడిని ఇచ్చును, యంత్రములో త్రిప్పిన గాలిని ఇచ్చును. కాలమును మాత్రము మ్రింగివేయును. అదియే దాని గొప్పదనమని ప్రకటనలలో చెప్పుకొందురు కూడ.

గీతయందు ద్వితీయాధ్యాయములో జీర్ణవస్త్రముల ఉపమానము ఎల్లరు ఎరిగినదే. దాని మరుశ్లోకమునే చూడుడు. ఆత్మను శస్త్రములు ఛేదింపవు, అగ్ని దహింపదు, నీరు తడుపదు, గాలి ఆర్పదు అని భగవానుడు వచించెను. ఆర్పుట గాలి పని అని యుద్ధభూమిలో నిలిచిన అర్జునునికి వేరుగా చెప్పవలసిన అవసరము లేకపోయినది. బట్ట మాట ముగిసిన వెంటనే తడుపుట, ఆర్పుట అను మాటలు వచ్చుట కాకతాళీయమో కాదో భాష్యకారులు చర్చింపలేదు కాని, ఇంట బట్టలుతుకు స్త్రీకి ఆ రెండు శ్లోకముల సాన్నిహిత్యము పండితునికంటె ముందుగా తోచును. తైత్తిరీయమందలి శాంతిపాఠము వాయువును ప్రత్యక్షబ్రహ్మమని సంబోధించును. రూపము లేని వాయువు ప్రత్యక్షమెట్లగునని వేదవిద్యార్థి అడిగినచో, డాబామీద ఊగుచున్న పంచెను చూపిన చాలును.

ఇక లౌకికమైన లెక్క. అయిదుకిలోల బట్టలను వాషింగ్ మెషీను గిరగిర త్రిప్పి పిండిన పిదప కూడ వానిలో రమారమి రెండున్నర, మూడు కిలోల నీరు నిలిచియుండును. ఒక కిలో నీటిని ఆవిరిచేయుటకు యూనిట్టులో మూడింట రెండు వంతుల శక్తి కావలెను. అనగా ఒక్క విడత బట్టలకు సుమారు రెండు యూనిట్లు. సాధారణమైన డ్రైయరులో వేడి కొంత వ్యర్థమగును గనుక అంతకంటె ఎక్కువయే. ఆవిరినుండి వేడిని మరల గ్రహించు హీట్ పంపు డ్రైయర్లు దీనిని చాలవరకు తగ్గించును, కాని వాని వెల అధికము. దండెముపై ఆరు బట్టకు శక్తి అవసరము లేదనుకొనుట పొరపాటు. అంతే నీరు, అంతే శక్తి. ఇచ్చువాడు వేరు, అంతే. వైశాఖమాసపు మధ్యాహ్నము మెదక్‌లో నలుబది డిగ్రీల ఎండ కాయుచుండగా, తలుపులు మూసి, ఏసీ వేసి గదిని చల్లబరచి, ఆ ప్రక్కగదిలో బొగ్గుతో పుట్టిన విద్యుత్తుతో గాలిని వేడిచేసి బట్టలు ఆర్పుటను ఏమనవలెను? అవివేకమనుటకు సంకోచింపనక్కరలేదు. డ్రైయరు జాలిలో ప్రతిసారి చేరు నూగు ఆ వస్త్రముయొక్క దేహమే. కొద్దికొద్దిగా అది అరిగిపోవుచున్నది. తీవ్రమైన ఎండ రంగులను వెలవెలబోజేయుననుటయు నిజమే, అందుకే రంగుచీరలను తిరగవేసి, పట్టును నీడలో ఆరవేయుట గృహిణులు ఎరిగిన విద్య.

వర్షాకాలములో పసిబిడ్డలున్న ఇల్లు, మంచము పట్టిన వృద్ధులున్న ఇల్లు, మెట్లు ఎక్కలేని మోకాళ్ళు: ఇట్టివారు డ్రైయరు కొనినచో ఎవరును వేలెత్తి చూపరాదు. మూడు దినములు ఆరక ముక్కిపోయిన వాసన వేయు బట్టను శుచియని ఎవరందురు? ఇచట ఆక్షేపణ ఆ యంత్రముపై కాదు. ఎండను అవమానముగా తలచు బుద్ధిపై.

ఆ బుద్ధి ఇటీవల నియమావళుల రూపము దాల్చినది. హైదరాబాదులోని కొన్ని గేటెడ్ కాలనీలలో బాల్కనీయందు బట్టలు కనబడరాదు. భవనపు ఎలివేషను చెడునట. ఆ కాలనీలలోనే గణపతినవరాత్రులు వైభవముగా జరుగును, రథసప్తమినాడు సూర్యనమస్కారముల తరగతులు నడచును. సూర్యునికి అర్ఘ్యమిచ్చి, ఆయన కిరణములు తాకునట్లు పంచె ఆరవేసినచో జరిమానా వేయుట వింతయైన ఆస్తికత్వము. ఈ చూపు అమెరికానుండి దిగుమతియైనది. అచట ఇండ్లయజమానుల సంఘములు పెరటిలో తాడు కట్టుటను నిషేధించుట సర్వసాధారణము. తెలుగువారు నివసించు కాలనీలు అందులకు భిన్నము కావు. విశేషమేమనగా, ఆ దేశమే ఇప్పుడు వెనుకకు తిరిగి చూచుచున్నది. ఫ్లోరిడా ఏనాడో, వెర్మాంటు 2009లో, బట్టలు ఆరవేసికొను హక్కును చట్టముచే రక్షించినవి. వారు విడువజూచుచున్న నిషేధమును ఇచటివారు నాగరకతయని తలకెత్తుకొనుచున్నారు. మెదక్‌లో క్రొత్తగా వచ్చు భవనముల సంఘములు ఈ ఒక్క నియమమును తెచ్చికొనకున్న మేలు. డాబా తాళపుచెవిని ప్రతి ఇంటికి ఒకటి ఇచ్చినచో మరియు మేలు.

అయితే దండెమును కీర్తించువారిలో పురుషులే ఎక్కువ. ఇది గమనింపదగినది. అర్క వాయు కాలములనుగూర్చి గంటసేపు ఉపన్యసించు పండితుని పంచెను మూడంతస్తులు ఎక్కి ఆరవేసినది ఎవరు? తడిబట్టల బకెట్టు బరువు ఎంతయో ఆయనకు తెలియునా? యంత్రము కావలెనని ఇల్లాలు అడుగుటకు తరచు కారణము సోమరితనము కాదు, నడుమునొప్పి. మడి అన్నది కట్టుకొనువానిదైనప్పుడు దానిని ఆరవేయుటయు అతనిదే కావలెను. పూర్వము గురుకులములలో విద్యార్థి తన కౌపీనమును తానే తడుపుకొని తానే ఆరవేసికొనెడివాడు. వివాహమైన మరునాడు ఆ నియమము ఏల మాయమైనదో ఏ గ్రంథమును చెప్పదు.

ఇంకొక మాట చెప్పుటకు సంకోచము కలుగును, కాని చెప్పక తప్పదు. డాబాపై ఇంటిల్లిపాది బట్టలు బాహాటముగా ఊగుచుండగా, స్త్రీల లోదుస్తులు చీర మాటున ఆరును. ఋతుకాలమున వాడు గుడ్డ అయినచో ఆ భాగ్యము కూడ లేదు. మంచము క్రింద, స్నానాలగది మూల, తడి ఆరని చీకటిలో దాచబడును. సబ్బుతో ఉతికి ఎండలో బాగుగా ఆరవేయవలెనని వైద్యులు చెప్పుచున్నారు, చెమ్మతో మరల వాడినచో వ్యాధులు కలుగునని హెచ్చరించుచున్నారు. సూర్యుని పావనుడని స్తుతించుచు, ఆయన అత్యవసరమైన వస్త్రమునకే ఆయనను దూరము చేయుట ఏ ఆచారము? మడి పేరిట ఈ చీకటిని కాపాడినవారు సూర్యుని శక్తిని నమ్మలేదనియే అనవలసివచ్చును. అపవిత్రమును ఎండ పవిత్రము చేయునా, లేక ఎండనే అది అపవిత్రము చేయునా? రెండవది నమ్మువాడు రేపు ఉదయము అర్ఘ్యమును ఎవరికి ఇచ్చుచున్నాడు?

రజకుల విషయములోను ఇట్టి అన్యాయము జరిగినదే. ఊరి బట్టలన్నియు చెరువుగట్టున ఉతికి, ఎండలో పరచి, మడతపెట్టి ఇంటికి తెచ్చినవారు గడప వెలుపల నిలిచిరి; వారు తెచ్చిన బట్టను మరల నీట ముంచి మడి చేసికొనిరి. ఒకే ఎండ, ఒకే గాలి. 2021 ఏప్రిల్ నుండి తెలంగాణ ప్రభుత్వము లాండ్రీలకు ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచితవిద్యుత్తు ఇచ్చుచున్నది. అది వారి ఇస్త్రీపెట్టెలకు, యంత్రములకు అక్కరకు వచ్చును. తప్పక వాడుకొందురు గాక. భుజములు అరిగిపోయినవారికి యంత్రమును వలదని బోధించుట అర్చకుని పని కాదు.

శ్రావణమాసపు మధ్యాహ్నములలో మెదక్ డాబాలమీద ఒక కేక వినబడును. గుట్ట వెనుకనుండి నల్లని మేఘము లేచును, గాలి తిరుగును, మొదటి చినుకు పడకమునుపే ఏదో ఒక ఇంటినుండి ఎవరో అరతురు: "మబ్బు పట్టింది, బట్టలు తీయుండ్రి!" ఎవరి బట్టలు అని ఆ కేకలో ఉండదు. ప్రక్కింటివారు ఊరిలో లేనిచో పిట్టగోడ దాటి వారి బట్టలు కూడ తీసి తమ ఇంట వేయుదురు. అర్చకుని మడిపంచె అయినను, వాన ముంచుకొనివచ్చునప్పుడు, ఎవరి చేయి ముందు అందిన వారు తీయుదురు. ఆయన సాయంకాలము దానిని మరల తడిపి, పిండి, వాన వెలిసిన గాలిలో ఏడుమార్లు విదిలించి, గుడికి బయలుదేరును.